మేళా రంగు కారు

మా బాపు బీరయ్యకు శాలిబండలో స్కూటర్లకూ ఆటోలకూ రంగు కొట్టే షెడ్డు ఉండేది. ఎవరైనా నల్ల స్కూటరు తెచ్చి ఎర్రగా చెయ్యమంటే ఆయన రంగు చిమ్మే గన్ను ముట్టేవాడు కాదు. ముందు బండి కాగితాలు చూపించమనేవాడు. "మంచిగున్న రంగు ఎవడన్నా మారుస్తడా? మార్చుమన్నడంటే ఆ బండికి ఏదో కథ ఉన్నట్టే" అనేవాడు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మాన్పించి నన్ను షెడ్డులో కూచోబెట్టాక నేను నేర్చుకున్న మొదటి సంగతి అదే.

అందుకే 2007లో మా ఇంటి ఓనరు కొడుకు హమ్మాద్ ఒక ఊదారంగు కారు బొమ్మను నా చేతిలో పెట్టి, "భాభీ, గిది రంగు మార్చిన మాల్. మొత్తం దునియాల కొన్ని ముక్కలే ఉన్నయ్" అని మురిసిపోతుంటే నాకు మురిపెం రాలేదు. అనుమానం వచ్చింది.

మేము రాబియా ఖాలా వాళ్ళింట్లో పైవాటాలో అద్దెకు ఉండేవాళ్ళం. నేను, నా భర్త సోమశేఖర్, రెండేళ్ళు నిండిన మా అమృత. ఆయన అఫ్జల్‌గంజ్‌లో రంగులూ మేకులూ అమ్మే దుకాణంలో పనిచేసేవాడు. కింద వీధివైపు గదిలో ఖాలా కొడుకు హమ్మాద్ ఇంటర్నెట్ షాపు నడిపేవాడు. ఐదు కంప్యూటర్లు, పరీక్షల రిజల్టు రోజుల్లో తప్ప నాలుగు ఖాళీ కుర్చీలు. పెళ్ళీడు దాటిపోతోందని వాళ్ళమ్మ పోరు పెట్టేది. అతనికేమో బొమ్మల పిచ్చి. చూడ్డానికి కారులా ఉంటుంది. తలుపులు విప్పి, ముందు డొప్ప మడిచి, చక్రాలు వెనక్కి తిప్పితే రెండు కాళ్ళ మీద నిలబడే రోబో అవుతుంది. అలాంటి బొమ్మలు తెప్పించి, ఫొటోలు తీసి, దేనిలో ఏం మంచి ఏం చెడు అని ఇంగ్లీషులో రాసి ఇంటర్నెట్‌లో పెట్టేవాడు. దాన్ని రివ్యూ అనేవాడు. అది చదివి ఎక్కడెక్కడివాళ్ళో కొనాలా వద్దా అని తేల్చుకునేవాళ్ళట.

అందులో నా పని విప్పడం. హమ్మాద్ వేళ్ళు లావు. ఒకసారి ఒక రోబో మోచెయ్యి పుటుక్కున విరిచి రెండ్రోజులు అన్నం తినలేదు. నేను షెడ్డులో గోటి వెడల్పు టేపులు అంటించి పెరిగినదాన్ని. బొమ్మతో వచ్చిన కాగితంలో బాణం గుర్తులు చూసుకుంటూ, ఎక్కడా బలం పెట్టకుండా కారును మనిషిని చేసేదాన్ని, మనిషిని మళ్ళీ కారు చేసేదాన్ని. మధ్యాహ్నం వంటయ్యాక డాబా మీద తెల్ల డ్రాయింగు షీటు పరుచుకుని కూచునేవాళ్ళం. అమృత నా ఒళ్ళో ఉండేది. నేను చెప్పింది అతను రాసుకునేవాడు.

"మోకాలు ఎట్లుంది భాభీ?"

"వదులు. నిలవెడితె కల్లు తాగినోని లెక్క ఊగుతుంది."

"చక్రాలు?"

"మంచిగ తిరుగుతున్నయ్. ఎడమ తలుపు ఊకె ఊడొస్తది. పోరగాండ్లకిస్తె గంటల పీకేస్తరు."

"గివి పోరగాండ్లకు ఎవడిస్తడు భాభీ!" అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. పిల్లలకివ్వని బొమ్మ ఎందుకు చేసినట్టు?

ఊదాకారు సంగతీ అంతే. అమెరికాలో ఈ పిచ్చి ఉన్నవాళ్ళంతా ఏడాదికోసారి ఒక పెద్ద హోటల్లో చేరి మేళా చేసుకుంటారట. ఆ మేళాకు వచ్చినవాళ్ళకు మాత్రమే అమ్మడానికి కంపెనీ పాత అచ్చుతోనే, రంగు మాత్రం మార్చి, కొద్ది ముక్కలు చేస్తుందట. అదే కారు ఎర్రరంగులో దుకాణాల్లో దొరుకుతుంది. హమ్మాద్ దగ్గర కూడా ఉంది. ఊదా ఒళ్ళు, తలుపుల మీద పసుపు చారలు ఉన్నది మాత్రం మేళా సరుకు. దానికోసం అతను ఏళ్ళ తరబడి దాచుకున్న మూడు బొమ్మలు ఎవరికో ఇచ్చి మార్చుకున్నాడు. ఇప్పుడు దీన్నిచ్చి బెంగళూరులో ఒకతని దగ్గర ఇంకా అపురూపమైనదేదో తీసుకోవాలని ఆశ.

ఊదాదాని మోకాలు వదులుగా ఉందని చెప్పి, ఎర్రదాన్నీ దాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను.

"అచ్చు గదే గద. మరలు గవే. మూతి గదే."

"హౌ, అన్నీ గవే. రంగే వేరే."

"మరి రంగు గీడనే ఎవడన్నా కొట్టి నీకు అంటగట్టిండేమో?"

అతని ముఖం చిన్నబోయింది. "ఏం బాత్ చేస్తవ్ భాభీ! డబ్బా చూడు, సీలు చూడు. ఎక్స్‌క్లూజివ్ అంటరు దీన్ని."

"మా షెడ్డుల గట్ల అనకపోతుండె. దొంగబండి అంటుండె."

హమ్మాద్ రెండు కార్లూ తీసుకుని కిందికి దిగిపోయాడు. మూడో రోజు షాపులో కూచోబెట్టి తను రాసింది తెలుగులో చదివి వినిపించాడు. రంగు మెరుపు బాగుంది, చారలు తిన్నగా ఉన్నాయి, మోకాలు గట్టి, పదికి పది.

"మోకాలు వదులన్న గద నేను?"

"ఇప్పుడు గట్టిగైంది" అన్నాడు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

బొమ్మ మోకాలు దానంతటదే గట్టిపడుతుందా? అతను ఎవరికో ప్రింటు తీసివ్వడానికి లేచినప్పుడు సొరుగు కొంచెం లాగి చూశాను. తప్పే. కానీ చూశాను. అందులో గోళ్ళరంగు సీసా ఉంది, రంగులేనిది. మూత తీస్తే షెడ్డు వాసన. పక్కనే సన్నటి బ్రష్షు. పెళ్ళికాని మగవాడి సొరుగులో గోళ్ళరంగుతో ఏం పని? నా మనసులో షెడ్డు రోజుల దొంగబండి ఒకటి కదిలింది. ఈ రంగులు ఎవడో ఎక్కడో కాదు, ఇక్కడే కొడుతున్నారేమో అనుకున్నాను. పైకి అనలేదు. అద్దెకున్నవాళ్ళం.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

ఫొటోలు అయిపోయిన రోజు, డబ్బాలో సర్దమని కారు నాకిచ్చి హమ్మాద్ కిందికి వెళ్ళాడు. పొయ్యి మీద పాలు ఉన్నాయి. లోపలికి వెళ్ళి వచ్చేసరికి అమృత తెల్లకాగితం మధ్య కూచుని కారు తలుపు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. లాక్కుని చూస్తే పసుపు చార సగం లేదు. ఉన్నచోట చిన్న చిన్న పళ్ళ గాట్లు. పిల్ల నాలుక మీద పసుపు పొట్టు రెండు చుక్కలు. మిగిలింది మింగేసింది.

కొంగుతో నాలుక తుడిచాను. నీళ్ళు తాగించాను. తర్వాత, దేవుడు నన్ను క్షమించాలి, ఆ తలుపు అడుగున పడేటట్టు తిప్పి కారును డబ్బాలో పెట్టి మూత వేశాను.

అప్పుడు కూడా నేను అంత భయపడలేదు. అది జరిగిన ఐదో రోజు పిల్ల కడుపు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టాక భయం వచ్చింది. తిన్నది కక్కుతోంది. రాత్రీ పగలూ చిరాకు. ఆయన వాము నీళ్ళు పట్టమన్నాడు.

"పోరి మట్టి తిన్నదో బలపం తిన్నదో. ఊకె ఫికర్ చెయ్యకు" అన్నాడు సోమశేఖర్.

"కడుపునొప్పి ఊకె రాదు."

"నీకు జలుబొచ్చినా టీబీ లెక్కనే కొడుతది."

ఆయనకు తెలియదు. మా బాపుకు కూడా మొదట వచ్చింది కడుపునొప్పే. ఇరవై ఏళ్ళు రంగు కొట్టాక, గుండెల కింద మెలిపెట్టినట్టు నొప్పి. గ్యాసు అన్నారు, అల్సరు అన్నారు. ఒక పొద్దున ఆటో తలుపుకు గన్ను ఎత్తబోతే కుడి మణికట్టు లేవలేదు. తడిసిన గుడ్డలా వేలాడింది. పెద్దాసుపత్రిలో రక్తం తీసి సీసం చేరిందన్నారు. ఎర్రరంగులో, పసుపు రంగులో ఎక్కువ ఉంటుందట. మరీ ముఖ్యంగా పసుపులో. ఆ రోజుతో షెడ్డు మూతపడింది.

అది చాలదన్నట్టు, మా ఆయన దుకాణం నుంచి తెచ్చిన తెలుగు పేపర్లో ఒక వార్త కనబడింది. విదేశీ బొమ్మల రంగుల్లో సీసం ఉందని లక్షల బొమ్మలు వెనక్కి తీసుకుంటున్నారట. ఆ ముక్క రెండుసార్లు చదివాను. మూడోసారి అక్షరాలు కనబడలేదు.

హమ్మాద్ కారును సోమవారం కొరియర్‌లో బెంగళూరు పంపిస్తున్నాడు. అది పోతే నా బిడ్డ ఏం మింగిందో ఇక ఎవరూ చెప్పలేరు. కంపెనీ రంగయితే కంపెనీకి భయం ఉంటుంది, చూసుకుని వేస్తుంది. ఏ షెడ్డులోనో కొట్టిన రంగయితే మా బాపు చెయ్యి పడేసిన రంగే. ఈ రెండింట్లో ఏదో తేలాలి. దొంగబండిని పట్టుకునే పద్ధతి నాకు తెలుసు. గుడ్డకు థిన్నరు తడిపి ఒక మూల రుద్దాలి. కంపెనీవాళ్ళు కొలిమిలో కాల్చిన రంగు కదలదు. షెడ్డు రంగు గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. మా ఆయన దుకాణం నుంచి తెచ్చి ఉంచిన డబ్బాలోంచి చిన్న సీసాలోకి థిన్నరు వంచుకుని, దూది పట్టుకుని, పిల్లను చంకనేసుకుని కిందికి దిగాను.

షాపులో ఇద్దరు కాలేజీ పిల్లలు ఏవో ఫారాలు నింపుకుంటున్నారు. హమ్మాద్ డబ్బాకు టేపు వేస్తున్నాడు.

"హమ్మాద్ భాయ్, కారు ఒక్కసారి ఇయ్యి."

"ప్యాకింగ్ అయిపోయింది భాభీ."

"ఇయ్యి భాయ్. రంగు చూడాలె."

అతను నా చేతిలో సీసా చూశాడు. వాసన అందింది. డబ్బాను ఒడిలోకి లాక్కున్నాడు. "కైకూ? దిమాగ్ ఖరాబయిందా? థిన్నర్ పోస్తవా దాని మీద?"

"మొత్తం మీద కాదు, గోరంత జాగల. కంపెనీదైతె ఏం కాదు. కంపెనీదే అన్నవ్ గద? భయమెందుకు?"

ఆ మాట అతనికి తగిలింది. ఇటు తిరిగి చూస్తున్న కాలేజీ పిల్లల ముందు వెనక్కి తగ్గలేకపోయాడు. టేపు చీల్చి కారు తీసి బల్ల మీద పెట్టాడు. పైకప్పు మీద ఒక మూల దూది పెట్టి రెండుసార్లు రుద్దాను.

దూది ఊదాగా అయింది.

"చూసినవా!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "షెడ్డు మాల్! నా బిడ్డ నోట్ల షెడ్డు రంగు! గోళ్ళరంగు, బ్రష్షు, అన్ని చూసిన నేను. ఎక్కడ కొడుతున్నవ్ భాయ్ ఈ రంగులు? ఎంతమందికి అంటగట్టినవ్?"

"నేను కొడుతున్ననా?" హమ్మాద్ లేచి నిలబడ్డాడు. "మూడు బొమ్మలిచ్చి తెచ్చుకున్న, నేను కొడుతున్ననా? గోళ్ళరంగు మోకాలుకు పెట్టిన, గట్టిగైతదని! అందరు పెడతరు! గంతే!" అంటూ కారును చేతిలోకి తీసుకుని తిప్పాడు. ఆగిపోయాడు. "గివేంది?"

తలుపు. పళ్ళ గాట్లు.

నేను తల దించుకున్నాను. "అమృత నమిలింది. ఫొటోలు తీసినరోజు. చెప్పలే."

"చెప్పలే? డబ్బాల పెట్టి మూతేసినవ్? నన్ను చోర్ అంటున్నవ్, నువ్వేంది భాభీ?"

లొల్లి విని రాబియా ఖాలా లోపలినుంచి వచ్చింది. ఎవరిది తప్పో అడగలేదు. నా చంకలో ముడుచుకుపోయిన పిల్లను చూసింది. పిల్ల కడుపు పట్టుకుని ఏడుస్తుంటే బొమ్మకోసం కొట్లాటా అని కొడుకు మీద విరుచుకుపడింది. "బచ్చీ పేట్ పకడ్‌కో రోరీ, తుమ్ ఖిలోనే కే వాస్తే లడ్రే? షరమ్ నై?" పిల్లను తన భుజం మీద వేసుకుని నా వైపు తిరిగింది. "బేటీ, నువ్వు కూడ. ముందు బిడ్డను చూస్కో, పంచాయితీ తర్వాత."

హమ్మాద్ కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి అతని ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. తననే ఎవరైనా మోసం చేశారేమోనన్న అనుమానం. దాన్ని నేను గుర్తుపట్టగలను. కారును అట్టపెట్టెతో సహా నా ముందుకు తోశాడు.

"తీస్కపో. మీ బాపుకు చూపెట్టు. రంగుల ఉస్తాద్ గద. ఆయన ఏమంటే గదే."

మరుసటి రోజు పొద్దున్నే పిల్లను ఖాలా దగ్గర వదిలి షేరు ఆటోలో ఛత్రినాక వెళ్ళాను. బాపు మా అన్న అంజన్ ఇంట్లో ఉంటాడు. బోనాలు అయిపోయి వారం దాటినా గల్లీలో వేపమండల తోరణాలు ఎండిపోయి ఇంకా వేలాడుతున్నాయి. బాపు అరుగు మీద కూచుని ఎడమచేత్తో చాయ్ తాగుతున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది, తనది కానట్టు.

సంగతంతా చెప్పి దూది చూపించాను. బాపు దూది వాసన చూసి, కారును చూసి, నన్ను చూసి పెద్దగా నవ్వాడు.

"ప్లాస్టిక్ మీద థిన్నర్ రుద్దినవా? ఇనుమానే అది? నాలుగేండ్లు నా షెడ్డుల కూసొని గిదా నువ్వు నేర్సింది?"

"రంగు వచ్చింది గద బాపు."

"వస్తది. లోపలికి పోయి మీ వదిన దువ్వెన తే."

తెచ్చాను. కొత్త ఆకుపచ్చ దువ్వెన. నా సీసాలోంచి ఒక చుక్క దూది మీద వేయించి రుద్దమన్నాడు. దూది ఆకుపచ్చగా అయింది. దువ్వెన అంచు తేనెలా జిగటగా మారింది.

"గిప్పుడు జెప్పు. దువ్వెనకు ఎవడు కొట్టిండు రంగు? ప్లాస్టిక్కే కరిగొస్తది. నువ్వు పట్టుకున్నది దొంగను కాదు బిడ్డా, బండిని కరగవెట్టినవ్."

లోపలినుంచి వదిన, "మామా, నా దువ్వెన ఏం పాపం జేసింది?" అని కేకేసింది.

నాకు చెవులు వేడెక్కాయి. కారు కప్పు మీద గోరంత అనుకున్నది రూపాయి బిళ్ళంత మచ్చయి, చర్మం కాలినట్టు ముడుచుకుని ఉంది. బాపు చిన్న స్క్రూడ్రైవరు తెప్పించి, తను పట్టుకోలేడు గనక నాచేత అడుగున మర విప్పించాడు. ఎండకు పట్టి చూడమన్నాడు.

"పైన కొట్టిన రంగైతె మర బొక్కలకు గూడ తుంపర పోతది. కీలు కాడ రాసుకొని కింది రంగు తేలుతది. గిండ్ల చూడు. బొక్కల గూడ ఊదనే. ప్లాస్టిక్ ముద్దలనే రంగు కలిపిన్రు."

"మరి చారలు?"

తలుపును ముక్కు దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. "అచ్చువెట్టి గుద్దిన్రు. టేపు వెట్టి కొడితె అంచుకు గట్టు లేస్తది, నీకు ఎర్కలేదా? గట్టు లేదు. గిది కంపెనీ పనే. ఆ పిలగాడు నిజమే చెప్పిండు."

నా గుండెల మీంచి బండ దించినట్టయింది. "అయితె భయం లేదు గద బాపు? కంపెనీదే గద."

బాపు నవ్వడం ఆపేశాడు. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని నా ముందుకు ఎత్తాడు. వదిలేశాడు. అది మళ్ళీ ఒళ్ళో పడింది.

"గిది ఏ రంగుతోని పోయింది? నేను కల్తీ రంగు ఎన్నడన్న కొట్టిన్నా? సీలు తియ్యని డబ్బా, కంపెనీ డబ్బా. బండి అసలుదా నకిలీదా అంటె చెప్తా నేను. దాంట్ల విషముందా లేదా అంటె నా కండ్లకేం కనబడ్తది? పొల్లను దవాఖానకు తోల్కపో. రక్తం జూపెట్టు."

నేను అడగవలసిన ప్రశ్న ఒకటి, అడిగింది ఇంకొకటి. అసలుదా అని అడగడం హమ్మాద్ పని. దాన్ని నా పని అనుకుని ఒక రోజంతా పోగొట్టాను.

తిరిగి వచ్చేసరికి హమ్మాద్ షాపు గడపలోనే నిలబడి ఉన్నాడు. నేను నోరు తెరవకముందే ముఖం చదవబోయాడు.

"అసలుదే" అన్నాను. "ముద్దలనే ఊద. నేనే కరగవెట్టిన. నన్ను మాఫ్ చెయ్యి భాయ్."

"అసలుదేనా? ఆయన అన్నడా?" అతని కళ్ళు ఒక్క క్షణం వెలిగాయి. కారు తీసుకున్నాడు. కప్పు మీద మచ్చ చూశాడు. ఆ వెలుగు అక్కడే ఆరిపోయింది. బెంగళూరు ఆశ పోయినట్టే. నేను తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను.

"బచ్చీకి ఏమన్నడు?" అని అడిగాడు.

"పసుపుల ఏముందో ఎవరికీ తెల్వదన్నడు. రక్తం జూపెట్టుమన్నడు."

హమ్మాద్ లోపలికి వెళ్ళి బ్లేడు తెచ్చాడు. నేను వద్దనేలోపే, పాడవని రెండో తలుపు మీద చారను కూడా మొదటినుంచి చివరిదాకా గీకేశాడు. పసుపు పొడి ఒక తెల్లకాగితం మీద రాలింది. పొట్లం కట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇది గూడ జూపెడదాం. చలో."

షాపుకు తాళం వేశాడు. రాబియా ఖాలా కూడా చెప్పులేసుకుంది. మేము అఫ్జల్‌గంజ్‌లో దిగేసరికి కబురందుకున్న మా ఆయన దుకాణంలోంచి పరుగున వచ్చాడు. పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ అమృత పొట్ట నొక్కి, కళ్ళ కింద చూసి, నులిపురుగులు అంది. ఆయన నా వైపు చూసి, "నేను చెప్పలే?" అన్నాడు. ఆయన చెప్పింది వాము.

"సీసం గూడ చూడుండ్రి మేడం" అన్నాను. మా బాపు సంగతి చెప్పాను, పసుపు చార సంగతి చెప్పాను. డాక్టరమ్మ మొదట తేలిగ్గా విన్నది, బాపు మణికట్టు అనేసరికి కలం పట్టుకుంది. పురుగులకు మందు రాసి, రక్తపరీక్షకు ఊరికి ఆ చివర ఉన్న ఒక లాబుకు చీటీ ఇచ్చింది.

లాబులో పిల్ల చెయ్యి నేను పట్టుకున్నాను, కాళ్ళు ఖాలా పట్టుకుంది. సూది దిగేటప్పుడు ఇద్దరం ముఖాలు అటు తిప్పుకున్నాం. హమ్మాద్ పొట్లం తీసి కిటికీ వెనక ఉన్నతనికి ఇవ్వబోయాడు.

"ఏందిది?"

"బొమ్మ రంగు. దీంట్ల సీసం ఉందా చూడాలె."

"మేము రక్తం చూస్తం. బొమ్మలు చూడం" అని కిటికీలోంచే వెనక్కి తోశాడు.

రిపోర్టు నాలుగు రోజుల తర్వాత ఇస్తామన్నారు. ఆ నాలుగు రోజులూ నేను పిల్ల మణికట్టే చూశాను. గ్లాసు ఎత్తితే చూశాను, దువ్వెన విసిరితే చూశాను. పురుగుల మందు పనిచేసి నొప్పి తగ్గింది. అది కూడా నన్ను ఊరడించలేదు. బాపు నొప్పి కూడా మధ్యలో ఒక నెల తగ్గింది.

రెండో రోజు హమ్మాద్ పైకి వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. బెంగళూరు అతనికి మచ్చ సంగతి రాశాడట. అతను వద్దన్నాడట. "రివ్యూ మారుస్తున్న భాభీ. ఏం రాయాలె?"

"ఉన్నది రాయి. అచ్చు పాతది, రంగు కంపెనీది. రంగుల ఏముందో మాకు తెల్వదు. నోట్ల పెట్టుకునే పిల్లలున్న ఇంట్ల పెట్టొద్దు."

"మోకాలు?"

"వదులు."

అతను నొచ్చుకున్నాడు. "గోళ్ళరంగు సంగతి గూడ రాయాల్నా?"

"రాయి."

రాశాడు. పదికి పది తీసేసి ఆ చోటు ఖాళీగా ఉంచాడు. సాయంత్రానికే ఎక్కడో ఎవరో దాని కింద వెక్కిరింపుగా అడిగారట, ఈ బొమ్మలు నోట్లో పెట్టుకునేది ఎవరు అని. హమ్మాద్ జవాబు రాశాడట, మా ఇంట్లో ఒకామె ఉంది, రెండేళ్ళది అని. నాకు చెప్తూ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

నాలుగో రోజు రిపోర్టు అతనే వెళ్ళి తెచ్చాడు. ఒక్క కాగితం. అంతా ఇంగ్లీషు. మెట్ల మీద నిలబడి నేను పిల్లను ఎత్తుకున్నాను, ఖాలా కింద గుమ్మంలో తస్బీహు పూసలు తిప్పుతూ జపం చేసుకుంటోంది. హమ్మాద్ కాగితాన్ని వెలుతురుకు తిప్పుకున్నాడు.

"మూడు పాయింట్ ఎనిమిది. పది లోపల ఉంటె ఫికర్ లేదని గీడ రాసిన్రు. తక్కువనే ఉంది భాభీ. మస్తు తక్కువ."

"పేరు ఎవరిది ఉంది?"

"అమృత."

"వయసు?"

"రెండు. భాభీ, గిది మన అమృతదే."

"మూడేనా? ముప్పై ఎనిమిది కాదు గద? చుక్క ఎక్కడుంది?"

అతను ఒక మెట్టు పైకి ఎక్కి కాగితాన్ని నా ముఖం ముందు పట్టుకున్నాడు. మూడుకూ ఎనిమిదికీ మధ్య నల్లటి చుక్క మీద వేలు పెట్టాడు. ఆ వేలు తీయమన్నాను. చుక్క ఉంది. అమృత కాగితం అందుకోవడానికి చెయ్యి చాచింది. తిన్నగా, గట్టిగా చాచింది. నేను కాగితాన్ని దాని నోటికి అందనంత దూరం జరిపాను.

"ఇంకోసారి చదవాల్నా?" అన్నాడు హమ్మాద్.

"మొదటికెంచి చదువు" అన్నాను.